3389 తెరవకుండా ఆఫీసునీ కోల్డ్ స్టోరేజినీ కలపడం: మైక్రోటిక్ మీద వైర్‌గార్డ్ టనెల్

[తెర మీద: ఎడమవైపు గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ ఆఫీసు, కుడివైపు ఊరి బయట కోల్డ్ స్టోరేజి, మధ్యలో ఇంటర్నెట్]

టాలీ ఉన్న కంప్యూటర్ ఆఫీసులో. కాటా కంప్యూటరూ, కెమెరాల రికార్డర్ ఎన్‌వీఆరూ కోల్డ్ స్టోరేజిలో. అక్కడి గుమాస్తా ఫోన్లో బస్తాల లెక్క చదువుతుంటే ఇక్కడొకరు టాలీలో కొడుతుంటారు. ఈ రెండు చోట్లనీ ఒకే నెట్‌వర్క్‌లా కలుపుదాం. అందుకు మైక్రోటిక్ కంపెనీ రౌటర్ల మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో ఇంటర్నెట్ గుండా తాళం వేసిన సొంత దారి, అంటే టనెల్, వేద్దాం.

ముందు ఒక మాట. ఇలాంటి చోట్ల తరచూ కనిపించేది రౌటర్లో 3389 పోర్టు (దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపు నంబరు) ఫార్వర్డ్ చేసి, రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవడం. పది నిమిషాల్లో అయిపోతుంది, పనీ చేస్తుంది. అదే చిక్కు. ఇంటర్నెట్‌లో ప్రతి ఐపీ తలుపూ తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో పాత విండోస్‌లోకి రావడానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకపోయింది. పోర్టు నంబరు 33890కి మార్చినా లాభం లేదు, అదీ తడతారు. పాత రౌటర్లలో కనిపించే పీపీటీపీ అనే పాత వీపీఎన్ జోలికీ పోవద్దు, దాని లాగిన్ పద్ధతిని 2012లోనే ఛేదించారు.

వైర్‌గార్డ్ తీరు వేరు. సరైన తాళంచెవి లేనివాడు ఎంత తట్టినా జవాబే ఇవ్వదు, అసలు అక్కడ తలుపుందని కూడా తెలియదు. మైక్రోటిక్ రౌటర్లని నడిపే సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్‌లో 7 నుంచి ఇది ఉంది. పాత 6 ఉంటే ముందు అప్‌గ్రేడ్ చేసుకోండి.

[తెర మీద: రౌటర్ వ్యాన్ ఐపీ, పక్కనే బ్రౌజర్‌లో చూపించే ఐపీ]

వైర్‌గార్డ్ తెరవకముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే.

మొదటిది, పబ్లిక్ ఐపీ. రౌటర్లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రసు) చూడండి, బ్రౌజర్‌లో మీ ఐపీ చూపించే సైటు తెరవండి. రెండూ ఒకటే అయితే మంచిది. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో పంచుకుంటున్నారు, బయటినుంచి మీ దాకా ఎవరూ రాలేరు. 192.168తో మొదలైతే ఫైబర్ వాళ్లు పెట్టిన పెట్టె ఓఎన్‌టీయే రౌటర్‌గా పనిచేస్తోంది, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (లైనుని మన రౌటర్‌కి దాటించేలా) పెట్టించండి. శుభవార్త ఏమిటంటే రెండు చోట్లా స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) కొనక్కర్లేదు, ఆఫీసుకి ఉంటే చాలు. కోల్డ్ స్టోరేజి 4జీ డాంగిల్ మీదున్నా అదే ఆఫీసుని పిలుచుకుంటుంది.

రెండోది, అడ్రసులు. రెండు చోట్లా 192.168.1 ఉంటే టనెల్ లేచినా ఏ ప్యాకెట్టూ దాటదు. 192.168.1.50 అంటే పక్క గదిలోదే అనుకుంటుంది కంప్యూటర్. ఒకవైపు మారిస్తే చాలనుకుంటారు గానీ రెండువైపులా మార్చండి, ఇళ్లలో వైఫై కూడా ఎక్కువగా ఆ నంబర్లే వాడుతుంది. ఆఫీసుకి 10.20.1.0/24, కోల్డ్ స్టోరేజికి 10.20.2.0/24, టనెల్‌కి 10.20.255.0/30.

[తెర మీద: మైక్రోటిక్ సెట్టింగుల ప్రోగ్రాం విన్‌బాక్స్, అందులో వైర్‌గార్డ్ విండో]

రెండు రౌటర్లలోనూ వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ ఒకటి చేయండి. తాళంచెవుల జత దానంతటదే పుడుతుంది. లిజన్ పోర్ట్ దగ్గర మైక్రోటిక్ 13231 నింపుతుంది, ఉండనివ్వండి. పబ్లిక్ కీ 44 అక్షరాలు, చివర సమానం గుర్తు. దాన్ని ఫోన్లో చదివి చెప్పొద్దు, సున్నాకీ 'ఓ'కీ తేడా అక్కడే పోతుంది. కాపీ చేసి వాట్సాప్‌లో పంపినా పర్లేదు. ప్రైవేట్ కీ మాత్రం రౌటర్ దాటకూడదు.

ఇంటర్‌ఫేస్‌కి ఆఫీసులో 10.20.255.1/30, అక్కడ 10.20.255.2/30 ఇవ్వండి. తర్వాత పీర్, అంటే టనెల్ అవతలి కొస. ఆఫీసులో కోల్డ్ స్టోరేజి పబ్లిక్ కీ పెట్టి, అలౌడ్ అడ్రస్‌లో 10.20.255.2/32, 10.20.2.0/24 రాయండి. ఎండ్‌పాయింట్ (ఎవరిని పిలవాలన్నది) ఖాళీ. కోల్డ్ స్టోరేజిలో దీనికి తిరగేసి: ఆఫీసు కీ, 10.20.255.1/32, 10.20.1.0/24, ఎండ్‌పాయింట్‌గా ఆఫీసు స్టాటిక్ ఐపీ, పోర్టు 13231. పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (దారి తెరిచి ఉంచే పలకరింపు) 25 సెకన్లు. ఇది మరిచిపోతే అక్కడినుంచి ఎవరైనా కదిపేదాకా ఆఫీసు నుంచి అటు పోలేరు, మధ్యలో ఉన్న న్యాట్ (అడ్రసులు మార్చే చోటు) దారి మూసేస్తుంది.

మైక్రోటిక్‌లో అలౌడ్ అడ్రస్ రాసినంత మాత్రాన రూటు (ఏ అడ్రసుకి ఎటు పోవాలన్నది) పడదు. ఐపీ, రూట్స్‌లోకి వెళ్లి ఆఫీసులో 10.20.2.0/24కి, అక్కడ 10.20.1.0/24కి గేట్‌వేగా వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ పెట్టాలి.

ఫైర్‌వాల్ సంగతి. ఆఫీసు రౌటర్ ఇన్‌పుట్‌లో యూడీపీ 13231ని అనుమతించే రూలు రాసి, మిగతావి ఆపే డ్రాప్ రూలుకి పైకి లాగండి. కిందుంటే రాయనట్టే. వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్‌ని రెండువైపులా ల్యాన్ లిస్టులో చేర్చండి. లేకపోతే అవతలి కంప్యూటర్లు పలుకుతాయి, అవతలి రౌటర్ మాత్రం పలకదు.

[తెర మీద: పీర్స్ వరుస. టీఎక్స్ పెరుగుతోంది, ఆర్ఎక్స్ సున్నా]

తప్పు జరిగితే వైర్‌గార్డ్ ఏ ఎర్రరూ చూపించదు. ఈ వరుసలోనే చదువుకోవాలి. కోల్డ్ స్టోరేజి వైపు టీఎక్స్ (పంపింది) పెరుగుతూ ఆర్ఎక్స్ (అందింది) సున్నా అంటే మనం పిలుస్తున్నాం, జవాబు లేదు: కీ తప్పు, లేదా ఆఫీసు ఫైర్‌వాల్. కీప్‌అలైవ్ ఉండగా లాస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు కొసలూ చివరిసారి ఒకదాన్నొకటి గుర్తుపట్టి) మూడు నిమిషాలు దాటితే టనెల్ పడిపోయినట్టే లెక్క.

హ్యాండ్‌షేక్ బాగుండి పింగ్ (అవతలిది పలుకుతుందా అన్న పరీక్ష) పోకపోతే కోల్డ్ స్టోరేజి నుంచి వరుసగా చూడండి. ముందు 10.20.255.1, తర్వాత ఆఫీసు రౌటర్ 10.20.1.1, ఆ తర్వాత ప్రింటర్, చివర్న విండోస్. విండోస్ తన సొంత నెట్‌వర్క్ నుంచి తప్ప వేరే రేంజ్ నుంచి వచ్చే పింగ్‌ని మామూలుగా అడ్డుకుంటుంది, అది చూసి టనెల్‌ని తిట్టొద్దు. ఎన్‌వీఆర్ పలకకపోతే దాని గేట్‌వే చూడండి. ఖాళీగానో, పాత 192.168.1.1 మీదో ఉంటుంది.

పింగ్ పోతుంది, లాగిన్ అవుతుంది, తర్వాత రిమోట్ డెస్క్‌టాప్ నల్లతెరతో ఆగిపోతుంది: ఇది ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) జబ్బు. ఐపీవీ4 మీద వైర్‌గార్డ్ ప్రతి ప్యాకెట్‌కీ 60 బైట్లు కలుపుతుంది. మామూలు ఫైబర్ మీద 1420 సరిపోతుంది, డాంగిల్ మీద 1380కి, అదీ చాలకపోతే 1280కి రెండువైపులా దించండి.

[తెర మీద: టాలీ డేటా ఫోల్డర్ మీద ఎర్ర గీత]

టనెల్ లేచింది కదా అని టాలీ డేటా ఫోల్డర్‌ని కోల్డ్ స్టోరేజి నుంచి నేరుగా తెరవొద్దు. వోచర్ వోచర్‌కీ పాకుతుంది, మధ్యలో లైను తెగితే డేటా చెడే ప్రమాదముంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్లి అక్కడే కొట్టాలి. విండోస్ హోమ్ అందుకు ఒప్పుకోదు, ప్రో కావాలి. ప్రోలో కూడా ఒకేసారి ఒక్కరే. అక్కడినుంచి గుమాస్తా లోపలికొస్తే ఇక్కడ కూర్చున్నవారి తెర లాక్ అవుతుంది. ఇద్దరూ ఒకేసారి పనిచేయాలంటే విండోస్ సర్వర్, దానికి రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు.

హైదరాబాద్‌లోని ఆడిటర్‌కి కూడా దారి ఇవ్వాలంటే ఆయన ల్యాప్‌టాప్‌కి వేరే పీర్, వేరే కీ. టనెల్ రేంజ్‌లో రెండే చోట్లున్నాయి కాబట్టి ఆయనకి 10.20.254.2/32 ఇచ్చి, దానికీ ఒక రూటు రాయండి. పని ముగిశాక ఆ ఒక్క పీర్‌నీ తీసేస్తే సరి.

ఇక పాత 3389 ఫార్వర్డింగ్ తీసేయండి. ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆఫీసు ఐపీకి రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నించండి. తెరుచుకోకూడదు.

చివరిగా కోల్డ్ స్టోరేజి రౌటర్ ప్లగ్ పీకి, అయిదు నిమిషాలాగి పెట్టండి. కరెంటు పోయొచ్చాక చాలా రౌటర్లలో గడియారం వెనక్కి పోతుంది, బ్యాటరీ ఉండదు. తాను ఇంతకుముందు చూసిన సమయం కన్నా పాత సమయంతో వచ్చిన పిలుపుని వైర్‌గార్డ్ దొంగ కాపీగా భావించి పారేస్తుంది. అందుకే ఇంటర్నెట్ నుంచి టైం తెచ్చుకునే ఎన్‌టీపీ క్లయింట్ ఆన్ చేసి, టైం సర్వర్ అడ్రసు టనెల్ గుండా కాకుండా నేరుగా ఇంటర్నెట్‌లోంచి అందేలా పెట్టండి. ప్లగ్ పెట్టాక ఎవరూ ముట్టుకోకుండా హ్యాండ్‌షేక్ దానంతటదే తిరిగొస్తే కాటా గుమాస్తాకి అప్పగించొచ్చు.