సంగటి ముద్ద పక్కన ఏముంది?

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ తిరుపతి నుంచి నమస్కారం. చిత్తూరు ప్రాంతంలో గుండె జబ్బులున్నవారికి చాలా ఏళ్ళుగా ఆహార సలహాలిస్తున్న నిపుణురాలు ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను. నాన్నగారికి స్టెంట్ వేసిన నాటి నుంచి నెయ్యి మానేశాము, వేపుళ్ళు మానేశాము. అయినా రక్తపోటు అదుపులోకి రావడం లేదు.

నిపుణురాలు: మందుల మోతాదు సంగతి మీ వైద్యులే చూడాలండి. నేను ఒక్కటే అడుగుతాను. ఆయన సంగటిలోకి ఏం నంజుకుంటారు?

వ్యాఖ్యాత: ఎక్కువగా ఊరగాయ, లేదంటే ఊరమిరపకాయలు. చివర మజ్జిగలో కాస్త ఉప్పు.

నిపుణురాలు: నన్ను బాధపెట్టేది ఇదేనండి. నెయ్యిని ఇంట్లోంచి పంపేసినవారు కూడా ఉప్పు జాడీని కంచం పక్కనే ఉంచుకుంటారు. సోడియం ఎక్కువైనప్పుడు దానికి తగినంత నీటిని శరీరం పట్టి ఉంచుతుంది, దాంతో రక్తం పరిమాణం పెరిగి నాళాల గోడల మీద ఒత్తిడి ఎక్కువవుతుంది, ఆ ఒత్తిడికి ఎదురుగా ఏళ్ళ తరబడి రక్తాన్ని తోయవలసి వచ్చిన గుండె ఎడమ జఠరిక, అంటే ఎడమవైపు కింది గది, దాని కండరం క్రమంగా మందమెక్కుతుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాడు. కూర, చారు, ఊరగాయ, అప్పడం, బిస్కెట్లు అన్నీ ఆ చెంచాలోనే ఇమడాలి.

వ్యాఖ్యాత: అందుకే మేము ఇందుప్పుకు, అదే సైంధవ లవణానికి మారాము.

నిపుణురాలు: రంగు మారింది గానీ ఇందుప్పులో ఉన్నదీ ప్రధానంగా సోడియం క్లోరైడే. పైగా చాలా వాటిలో అయోడిన్ కలపరు. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు కొందరికి మేలు చేస్తుంది, కానీ మూత్రపిండాల జబ్బున్నవారు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా దానిని ముట్టుకోకూడదు.

వ్యాఖ్యాత: మరి సంగటి కూడా తగ్గించాలా?

నిపుణురాలు: రాగులలో పీచు బాగా ఉంటుంది కనుక సంగటిని మానవలసిన పని లేదు, ముద్ద పరిమాణం మాత్రం చూసుకోవాలి. మార్చవలసింది దాని పక్కనున్నది. మన పుల్లగూర ఉంది, మునగాకు పప్పు ఉంది, ఉలవ గుగ్గిళ్ళు ఉన్నాయి. పప్పుధాన్యాలలోని కరిగే పీచు పేగులలో పైత్యరసపు ఆమ్లాలను పట్టుకుని బయటకు తీసుకుపోతుంది, వాటిని మళ్ళీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. ఆకుకూరలు, పండ్లలోని పొటాషియం సోడియాన్ని మూత్రం ద్వారా పంపేందుకు తోడ్పడుతుంది. 1997లో అమెరికాలో వెలువడిన డాష్ అనే ఆహార పరిశోధనలో ఉప్పు పరిమాణం మార్చకుండానే కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు పెంచి, కొవ్వు తగ్గిస్తే, అధిక రక్తపోటు ఉన్నవారి పై అంకె సగటున 11 వరకు తగ్గింది.

వ్యాఖ్యాత: నూనె విషయం?

నిపుణురాలు: మన వేరుశనగ నూనె మంచిదే, కొలతలో వాడండి. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో వేయించిన బజ్జీలకు మాత్రం దూరంగా ఉండండి.

వ్యాఖ్యాత: ఉప్పు ఎంత వాడుతున్నామో ఇంట్లో తెలుసుకోవడం ఎలా?

నిపుణురాలు: మీరు ఎంతమంది?

వ్యాఖ్యాత: నలుగురం, అందరమూ పెద్దవాళ్ళమే.

నిపుణురాలు: నలుగురికీ కలిపి రోజుకు 20 గ్రాములని చూసినా కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్ళు వస్తోంది?

వ్యాఖ్యాత: నెల తిరగకముందే అయిపోతుంది మేడమ్. ఊరగాయకు వేసే రాళ్ళ ఉప్పు అందులో లేదు.

నిపుణురాలు: అయితే రేపు తెరిచే ప్యాకెట్ మీద తేదీ రాయండి. అది అయిపోయిన రోజున నాకు ఫోన్ చేయండి.