మూడు నెలల తరువాత మళ్లీ

శ్రోతలందరికీ నమస్కారం.

వైద్యం, విజ్ఞానం, సాంకేతికత... ఈ మూడు రంగాల్లో విశ్వవిద్యాలయాలు చేస్తున్న పరిశోధనల గురించి చెప్పమని నన్ను అడిగారు. 1926లో పుట్టి మన ఉత్తరాంధ్ర పిల్లలకు చదువు చెబుతున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. 2008లో ఎచ్చెర్లలో వచ్చిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది. ఏ విభాగం ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చువేసిందో ఈ పది నిమిషాల్లో చదివి వినిపించవచ్చు. కానీ వినేవారికి ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్క విషయమే ఎంచుకున్నాను. అది మన శ్రీకాకుళం జిల్లాది. మన ఇళ్లలోది. ఉద్దానం కిడ్నీ వ్యాధి.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ ఉద్దానం మండలాల పేర్లు చెప్పగానే ఒకప్పుడు కొబ్బరి, జీడిమామిడి, పనస గుర్తుకొచ్చేవి. ఇప్పుడు డయాలసిస్ గుర్తుకొస్తోంది. నాకది చాలా బాధ కలిగించే మాట.

ఈ జబ్బులో వైద్యులను తికమక పెట్టిన సంగతి ఒకటుంది. మామూలుగా కిడ్నీలు చెడిపోయేది మధుమేహం వల్లనో, రక్తపోటు వల్లనో. ఇక్కడ చాలామందికి ఆ రెండూ లేవు. కాళ్లు వాచవు. మూత్రంలో ప్రొటీను కూడా పెద్దగా పోదు. కాబట్టి మూత్రంలో కాగితపు పట్టీ ముంచి చూసే పరీక్షలో అంతా బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. మనిషి తోటకు వెళ్తాడు, పని చేస్తాడు, అన్నం తింటాడు. లోపల కిడ్నీ మాత్రం తరుగుతూ ఉంటుంది. అన్నం సయించక, ఆయాసం వచ్చి ఆసుపత్రికి వెళ్లేసరికి చాలా భాగం పోయి ఉంటుంది.

మరి ఇది ఎంతమందికి ఉంది? ఈ ప్రశ్న వినడానికి సులువుగానే ఉంటుంది. ఊళ్లో వైద్య శిబిరం పెట్టి లెక్కిస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. శిబిరానికి వచ్చేవారు ఎవరు? ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నవారు, తమకూ ఉందేమోనని భయపడేవారు. రానివారు ఎవరు? పొద్దున్నే కూలికి వెళ్లినవారు, ఒంట్లో ఏ బాధా తెలియనివారు. అందుకే శిబిరం లెక్క ఊరి లెక్క కాదు.

పరిశోధకులు చేసేది వేరు. ముందు ఊళ్లను చీటీ తీసినట్టు ఎంచుకుంటారు. ఆ ఊళ్లలో మనుషులను కూడా అలాగే ఎంచుకుంటారు. పేరు వచ్చిన మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటివారితో సరిపెట్టకూడదు. ఆ మనిషి కోసమే మళ్లీ రావాలి. మంచుపెట్టె, రక్తం తీసే గొట్టాలు, బీపీ పట్టీ, ఒక ప్రశ్నల కాగితం. ఏ నీళ్లు తాగుతారు, ఏ పని చేస్తారు, నొప్పి మాత్రలు వాడతారా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకోవాలి. ఇది ఏసీ గదిలో కూర్చుని చేసే పని కాదు. ఎండలో, ఇసుక దారిలో, అరుగు మీద కూర్చుని చేసే పని.

ఇలాంటి అధ్యయనం ఒకటి 2019లో కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ అనే పత్రికలో వచ్చింది. దాన్ని ముందుండి నడిపించినవారు డాక్టర్ టి. రవిరాజు. ఆయన కిడ్నీ వైద్య నిపుణులు, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసినవారు. రెండు వేలకు పైగా మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి కిడ్నీ పనితీరు తగ్గినట్టు తేలింది. అలా తగ్గినవారిలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి మామూలు కారణాలేవీ కనిపించలేదు. నూటికి 18! ఎన్నాళ్లుగానో ఊళ్లు మొత్తుకుంటున్న మాటకు ఈ లెక్కతో ప్రపంచం కాదనలేని రుజువు దొరికింది. పరిశోధన అంటే నాకు గౌరవం కలిగేది ఇలాంటి చోటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్రియాటినిన్.

ఉద్దానంలో చదువు రాని ముసలమ్మకు కూడా ఈ మాట తెలుసు. మన కండరాలు పని చేస్తుంటే తయారయ్యే వ్యర్థం అది. కిడ్నీలు దాన్ని వడపోసి బయటికి పంపుతాయి. కిడ్నీ మందగిస్తే రక్తంలో అది పెరుగుతుంది. అయితే ఆ అంకె ఒక్కటే చూసి తేల్చుకోకూడదు. పాతికేళ్ల కుర్రవాడికి 1.2 వచ్చిందనుకోండి. అరవై ఏళ్ల తల్లికీ అదే 1.2 వచ్చిందనుకోండి. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం లెక్క వేస్తే కుర్రవాడి కిడ్నీ పనితీరు 86 దగ్గర ఉంటుంది. ఆ తల్లిది 52 దగ్గర ఉంటుంది. అంకె ఒకటే. ఒకరికి భయం లేదు, ఇంకొకరు జాగ్రత్త పడాలి. వయసును, ఆడా మగా అన్నదాన్ని కూడా కలిపి వేసే ఈ లెక్కను ఈజీఎఫ్ఆర్ అంటారు. 60 కంటే తక్కువ వస్తే ఆలోచించాలి.

ఆలోచించాలి అన్నాను. జబ్బు ఉందని తేల్చేయాలి అనలేదు. ఎందుకంటే ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అని చెప్పరు. ఆ లోపం మూడు నెలలకు పైగా ఉంటేనే ఆ పేరు పెడతారు. మూడు నెలలు. ఎండలో కొబ్బరి దింపి, చెమట కారి, నీళ్లు తాగకుండా వెళ్లి రక్తం ఇస్తే ఆ రోజు క్రియాటినిన్ పెరిగి ఉండవచ్చు. వాంతులూ విరేచనాలూ అయినా పెరగవచ్చు. ముందురోజు రాత్రి మాంసం బాగా తిన్నా కొంచెం పెరుగుతుంది. ఒక వాన పడిన మర్నాడు బావిలోకి తొంగిచూసి ఈ ఏడాది నీళ్లకు కరువు లేదని ఏ రైతూ అనడు కదా. ఇదీ అంతే. మూడు నెలల తరువాత మళ్లీ చూడాలి.

కారణం ఏమిటి అని మీరు అడుగుతారు. నీటిలోని సిలికాను అనుమానించారు, లోహాలను అనుమానించారు, పురుగుమందులను, ఎండదెబ్బను, వంశపారంపర్యాన్ని కూడా అనుమానించారు. భూగర్భ శాస్త్రం, రసాయన శాస్త్రం, వైద్యం అన్నీ ఒకే ఊరి బావి దగ్గర కలుసుకున్నాయి. ఏ ఒక్కటీ ఇంకా ఖాయం కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగువా, ఎల్ సాల్వడోర్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా వెతుకులాట సాగుతూనే ఉంది. ఇన్నేళ్లయినా ఏమీ కనిపెట్టలేదని విసుక్కునేవారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇది కారణం కాదు అని తేల్చడం కూడా పనే. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానానికి వస్తున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇది మంచి మార్పు.

పరిశోధకులకు నాదొక విన్నపం. రక్తం ఇచ్చిన మనిషికి ఆ ఫలితం చేరాలి. తెలుగులో, చేతికి, ఒక చీటీ మీద. పత్రం విదేశీ పత్రికలో అచ్చవుతుంది, సంతోషం. కానీ అరుగు మీద కూర్చుని చెయ్యి చాచిన ఆ తల్లికి తన అంకె ఎంతో తెలియాలి. అది ఆమె హక్కు.

వింటున్నవారికి చెప్పేది ఒక్కటే పని. క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటే ఆ చీటీ పారేయకండి. మన ఇళ్లలో మందుల చీటీలన్నీ ఒకే ప్లాస్టిక్ సంచిలో కుక్కి దూలానికి తగిలిస్తాం. వాటిలో ఏది ఎప్పటిదో ఎవరికీ తెలియదు. క్రియాటినిన్ చీటీలను మాత్రం వేరే కవరులో తేదీల వరుసలో పెట్టండి. చీటీ మీద వయసు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మీరే రాయండి. ఈజీఎఫ్ఆర్ వేసి ఇమ్మని ల్యాబు వారిని అడగండి. రెండో పరీక్ష వీలైతే అదే ల్యాబులో చేయించండి. పద్ధతి మారితే అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. ముందురోజు మాంసం మానండి, ఎండలో పని చేసి నేరుగా వెళ్లకండి. ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. అవి కిడ్నీకి చేటు చేస్తాయి. మొదటి అంకె బాగా ఎక్కువగా ఉన్నా, వాపులు, ఆయాసం ఉన్నా మూడు నెలలు ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అలాంటివేమీ లేకపోతే క్యాలెండరులో మూడు నెలల తరువాతి తేదీకి సున్నా చుట్టి, ఆ రోజు రెండు చీటీలూ పట్టుకుని వెళ్లండి.

నమస్కారం.