దోసెకు ఇడ్లీ జవాబు: కవిమిత్రుల కందాల ఆట

అందరికీ నమస్కారం. కవులు పద్యాలతో ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మనకు కొత్త కాదు. జనం నోట తిరిగే విడి పద్యాలను, అంటే చాటువులను, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు కూర్చిన చాటుపద్య మణిమంజరి తిరగేస్తే ఇలాంటివి బోలెడు కనిపిస్తాయి. అయితే "భలే చమత్కారం" అని నవ్వేసి ఊరుకుంటే ఆట సగమే తెలిసినట్టు. ఎదుటివాడు వేసిన పద్యాన్ని ఎక్కడ పట్టుకోవాలి, జవాబు ఎలా కట్టాలి, ఎక్కడ బోల్తా పడతాం... ఈరోజు ఆ సంగతులు విప్పి చూద్దాం.

ముందు అందరికీ తెలిసిన చాటు కథ ఒకటి. అల్లసాని పెద్దన ఒక పద్యంలో అమావాస్య రాత్రిని కుదించి "అమవసనిసి" అన్నాడట. తెనాలి రామకృష్ణుడు ఊరుకుంటాడా? "ఎమి తిని సెపితివి కపితము" అని ఎత్తుకుని, చివరికి "అలసని పెదనా" అని ముగించాడట. వాళ్లిద్దరూ ఒకే సభలో ఉన్నారా అన్నదానిమీద పండితులకు అనుమానాలున్నాయి, అది వేరే చర్చ. మనకు కావలసింది ఆ పద్యం చేసిన పని. "నీ ప్రయోగం బాగాలేదు" అని ఎక్కడా అనలేదు. పెద్దన ఒక్క మాటను కుదిస్తే ఇతను వరసగా మాటలు కుదిస్తూ పోయాడు. ఏమి ఎమి అయింది, కవిత్వం కపితం అయింది, చివరికి అల్లసాని పెద్దన పేరు కూడా అలసని పెదన అయిపోయింది. మొదటి పాదం లెక్క వేయండి, పన్నెండూ లఘువులే, అంటే పొట్టి అక్షరాలే. ఇన్ని లఘువులు పేర్చి, ఛందస్సు ఎక్కడా తప్పకుండా ఎదుటివాడి తప్పుకే వేషం కట్టాడు. వెక్కిరింతే, కానీ దానిమీద ఎంత శ్రద్ధ పెట్టాడో చూడండి.

ఈ ఆటకు కందం అనే నాలుగు పాదాల పద్యం బాగా సరిపోతుంది. చిన్నది, గబుక్కున చెప్పి గబుక్కున అప్పగించవచ్చు. సుమతీ శతకం పుణ్యమా అని దాని నడక చాలామంది చెవిలో ఉండనే ఉంది. నియమాలు చెబుతాను, రాసుకోండి. లఘువుకు ఒక మాత్ర. దీర్ఘం, సున్నా లేదా పొల్లు ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువు, దానికి రెండు మాత్రలు. నాలుగు మాత్రల గణాలు మాత్రమే వాడాలి: గగ (రెండు గురువులు), భ (గురువు, రెండు లఘువులు), జ (లఘువు, గురువు, లఘువు), స (రెండు లఘువులు, గురువు), నల (నాలుగు లఘువులు). ఒకటి, మూడు పాదాల్లో మూడేసి గణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి. అంటే సగానికి ఎనిమిది గణాలు. ఆ ఎనిమిదిలో బేసి స్థానాల్లో జ గణం రాకూడదు. ఆరోది మాత్రం జ గణమో నలమో అయితీరాలి. ఎనిమిదోది గురువుతో ముగియాలి. రెండు, నాలుగు పాదాల్లో మొదటి గణం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వనిలో పొత్తు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస, అంటే ఒకే హల్లు. మొదటి పాదం గురువుతో మొదలైతే అన్నీ గురువుతోనే, లఘువుతో మొదలైతే అన్నీ లఘువుతోనే మొదలవ్వాలి.

ఇప్పుడు ఈ వీడియో కోసం కట్టిన పద్యం ఒకటి. టిఫినుకు వస్తానని మాటిచ్చి రాని మిత్రుడికి ఇది పంపాలి:

మాటిచ్చి రాకపోతివి
పూటంతయు దోసె మాడిపోయెను గదరా!
చాటున దాగెదవేలర?
నీటుగ నొక కందమైన నేడంపుమురా!

రెండో పాదం విప్పుదాం. "పూటం", రెండు గురువులు, గగ. "తయుదో", స గణం. "సెమాడి", జ గణం. "పోయెను", భ. "గదరా", స. యతి ఎక్కడ? పూ దగ్గర మొదలై పో దగ్గర కలిసింది. హల్లు ఒకటే ప, అచ్చులేమో ఊ, ఓ. ఉ ఊ ఒ ఓలకు మైత్రి ఉంది కాబట్టి సరిపోయింది.

ఇక్కడే చాలామంది జారిపడతారు. ఒక దోసెతో పూట గడవదు కదా అని "దోసె" తీసేసి "దోసెలు" అన్నారనుకోండి. "పూటం, తయుదో, సెలుమా"... పై పాదంలోని మూడూ కలుపుకుంటే ఇది ఆరో గణం, అది స అయి కూర్చుంది. మాత్రలు నాలుగే ఉన్నాయి, వేళ్లమీద లెక్కపెడితే తప్పు దొరకదు. పైకి చదివితే మాత్రం నడక కుంటుతుంది. అదే "పూటంతయు నట్లు మాడిపోయెను" అనండి, చక్కగా నడుస్తుంది, ఎందుకంటే "లుమాడి" జ గణమే. దోసెలను అట్లు అనే ఇళ్లవాళ్లకు ఈ పాఠం కూడా ఖాయం.

ఇంకొక సంగతి. ఈ "రా" అనేది ఈడువాళ్ల మధ్య, చనువున్నచోట చెల్లుతుంది. పెద్దవారికి పంపేటప్పుడు "గదరా" బదులు "గదయా", "అంపుమురా" బదులు "అంపుమయా" అనండి. గణం స గణంగానే ఉంటుంది, మర్యాదా దక్కుతుంది. మూడో పాదంలో "ఏలర" ఉంది చూశారా, దాన్ని "ఏలయ" చేయడం మరిచిపోతారు. పైన అయ్యా, మధ్యలో ఒరే అయిపోతుంది!

సరే, బంతి ఇప్పుడు అవతలివాడి చేతిలో ఉంది. "క్షమించు, పని పడింది" అని వచనంలో సందేశం పెడితే ఆట ముగిసినట్టే. జవాబు కూడా కందమే కావాలి, అదే ప్రాసలో కావాలి. ఇక్కడ ప్రాస ట, దాని ముందు దీర్ఘం. "మంట", "చెట్టు" లాంటి మాటలు తెచ్చారా, దొరికిపోతారు. టకారం ఒంటరిది, నిండుసున్నా తోడు రాకూడదు, ద్విత్వమూ రాకూడదు. నా సలహా, పద్యం మొదలుపెట్టకముందే ప్రాసమాటలు ఒక కాగితంమీద వేసుకోండి: గేటు, ఘాటు, బాట, నోట, ఏటికి, తోట, వేట. ఆ జాబితాలోంచే కథ దొరుకుతుంది. గేటు, ఘాటు పక్కపక్కన పడగానే జవాబు ఎటు పోవాలో తెలిసిపోలేదూ?

గేటున నిలిచితి నప్పుడె
ఘాటుగ నీ దోసె పొగయె కన్నుల నిండెన్
బాటకు మరలితి వెంటనె
యేటికి కోపమ్ము మిత్ర? హితమిడు నిడ్లీ!

రాలేదన్న నేరాన్ని కాదనలేదు, నేరం వంటవాడిమీదికే తోసేశాడు. వచ్చాను, నీ దోసె పొగే తిప్పి పంపింది అంటున్నాడు. పైగా ఇడ్లీ అయితే మళ్లీ వస్తానని పిలుపు తనే రాసుకున్నాడు. అవతలివాడు వాడిన "దోసె", "మాడిపోవడం" అనే సరుకుతోనే జవాబు కట్టాడు. ఇదే మంచి జవాబు లక్షణం అంటాను నేను. కొత్త విషయం తెచ్చి ఎంత గొప్పగా చెప్పినా అది ఇంకో పద్యం అవుతుంది, జవాబు కాదు.

చివరి పాదంలో యతి గమనించండి: "యే", "హి". అ, య, హ ఈ మూడింటికీ తమలో తమకు చెల్లుబాటు ఉంది, అచ్చులు ఏ, ఇ కలుస్తాయి. కొత్తవాళ్లు ఇది చూసి యతి తప్పిందంటారు. తప్పలేదు. రెండో పాదం చివర మొదట తోచే మాట "కన్నుల గ్రమ్మెన్". బాగానే ఉంటుంది, కానీ "గ్ర" ముందున్న "ల" గురువా లఘువా అని పేచీ వస్తుంది. తెలుగు మాటల్లో వేరే పదం మొదట్లో ఉన్న సంయుక్తాక్షరం ముందరి లఘువును ఊది గురువు చేయనక్కర్లేదు, కానీ ఫోన్లో ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడా తెలియకపోవచ్చు. "నిండెన్" అంటే ఏ గొడవా లేదు.

ఆట ఇంకో రకంగానూ ఆడొచ్చు. సభలో అడిగినవాటికి అక్కడికక్కడే పద్యాలు చెప్పే అవధానంలో సమస్య ఇచ్చినట్టు, అసందర్భంగా ఉన్న ఒక పాదం పంపి మిగతా మూడూ నువ్వే పూరించు అనడం. "పిల్లిని గని సింహరాజు బెదరుచు పారెన్." సింహం పిల్లికి భయపడటమేమిటి? పూరణ ఇదుగో:

పల్లెను వేషము గట్టుక
నల్లని తెరచాటునందు నటుడై నిలువన్
మెల్లగ మూల్గుచు దూకిన
పిల్లిని గని సింహరాజు బెదరుచు పారెన్

సింహాన్ని నాటకంలో వేషధారిని చేసేశాం, చిక్కు వీడింది. సమస్య ఇచ్చేవాడికి ఒక మర్యాద ఉంది: తనకు ఒక పూరణైనా తెలియకుండా ఇవ్వకూడదు. ప్రాసకు మాటలే దొరకని అక్షరం ఇచ్చి మిత్రుణ్ణి ఇరికించడం చమత్కారం కాదు, కక్ష.

ఛందస్సంటే బెదిరేవాళ్లకు ఆరుద్ర కూనలమ్మ పదాల బాట ఉంది. అంత్యప్రాసతో మూడు పొట్టి పాదాలు, పాదానికి సుమారు పది మాత్రలు, ఆపైన మకుటం, అంటే ప్రతి పదం చివరా మళ్లీ మళ్లీ వచ్చే పిలుపు. బాపు బొమ్మలమీద ఆయన చెప్పిన పదం ఇప్పటికీ జనం నోళ్లలో నానుతోంది. శ్రీశ్రీ సంగతి చూడండి, ఛందస్సు సంకెళ్లు తెంచాడని పేరున్న ఆ కవే కందాల్లో "సిరిసిరిమువ్వా" అని మకుటం పెట్టి ఆడుకున్నాడు.

కవుల స్నేహం అనుకుంటూ, జంటగా పద్యాలు చెప్పిన తిరుపతి వేంకట కవుల పేరెత్తకపోతే ఒప్పదు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920 ప్రాంతంలో కన్నుమూశారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950 దాకా ఉన్నారు. ఆ తర్వాత తానొక్కరే రాసినవి కూడా జంటపేరుతోనే వెలువరించారు. అవధానాల్లో ఒకరు ఎత్తుకున్న పద్యాన్ని మరొకరు అందుకున్న చెయ్యి కదా అది.

ఇక ఈ వారం సమస్య: "కాకికి కోకిలయె వేడి కాఫీ పోసెన్." కందమే. ప్రాస క, ముందు దీర్ఘం. లోకము, రాక, మేక, తోక, పాక, కేక, ఆకలి, ఇవన్నీ పనికొస్తాయి. "అక్క", "చుక్క" తెచ్చి పెట్టకండి, అవి చెల్లవు. మూడో పాదం ఎక్కడ ఆపుతారో చూసుకోండి, కాకిని ఎవరిగా మార్చాలో అక్కడే తేలాలి.