ప్రకృతి శిబిరంలో అన్నగా, అక్కగా: ఇంటర్ విద్యార్థులు చేయగల సేవ

[తెరపై: తెల్లవారుజామున అనంతగిరి అడవిదారి. వరుసగా నడుస్తున్న బడిపిల్లలు, వరుస చివర ఒక ఇంటర్ విద్యార్థిని.]

నమస్కారం. కౌన్సెలింగ్ అనగానే హైదరాబాదులో ఇంటర్ చదివే పిల్లలకు ఇంజినీరింగ్ సీటే గుర్తుకు వస్తుంది. మనం ఈ రోజు మాట్లాడుకునే కౌన్సెలర్ వేరు. బడిపిల్లలను రెండు మూడు రోజులు అడవికో చెరువు గట్టుకో తీసుకువెళ్లి అక్కడే పాఠం చెప్పే శిబిరాల్లో, పదిమంది పిల్లలకు తోడుగా ఉండే పదహారు, పదిహేడేళ్ల స్వచ్ఛంద సేవకులను ఆ పేరుతో పిలుస్తారు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1957లో మొదలైన ఔట్‌డోర్ స్కూల్‌లో హైస్కూలు విద్యార్థులే ఈ పని చేస్తారు. 2016లో అక్కడి ప్రజలు ఓటు వేసి మరీ లాటరీ ఆదాయంలో కొంత భాగాన్ని దానికి కేటాయించుకున్నారు. అక్కడి కౌన్సెలర్లు అసలు పేరు పక్కన పెట్టి, చెట్టు పేరో పక్షి పేరో పెట్టుకుని, దానిని చెక్క బిళ్ల మీద రాసి మెడలో వేసుకుంటారు. మనకు ఆ బిళ్ల అవసరం రాదు. బస్సు కదిలిన అరగంటకే పిల్లలు "అక్కా, నీళ్లు" అంటారు, ఆ పిలుపుతోనే పని మొదలైపోతుంది.

[తెరపై: కేబీఆర్ పార్కు బండరాళ్లు, తరువాత అనంతగిరి.]

స్థలాలకు మన నగరంలో కొరత లేదు. ఒక్కపూట నడకకు 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కేబీఆర్ పార్కు ఉంది, కృష్ణజింకలను చూపించడానికి వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఉంది. రాత్రి బస చేసే శిబిరానికైతే వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండలే నాకు ఇష్టం. నగరంలో వంతెన మీద ముక్కు మూసుకుని దాటే మూసీ ఈ కొండల్లోనే పుడుతుందని తెలిసిన క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి.

అయితే ఆ సంగతి చెప్పవలసింది ఉపాధ్యాయులు. కౌన్సెలర్ పని పిల్లలను ఆగి చూసేలా చేయడం. ఒకసారి ఎర్రచీమలు ఆకులను దగ్గరకు లాగి కుట్టుకున్న గూడు దగ్గర ఆరో తరగతి పాప ఒకరు నిలబడి, "దారం ఎక్కడిది అక్కా?" అని అడిగింది. తమ లార్వాల (పిల్లపురుగుల) నోటి నుంచి వచ్చే పట్టుదారంతోనే చీమలు ఆకులను అతుకుతాయన్న జవాబు నాకు తెలుసు. అయినా చెప్పకుండా, "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. ఆ పాప గూటికి మూరెడు దూరంలో కూర్చుని, ఆకుల అంచుల మధ్య తెల్లటి పొరను తానే కనిపెట్టింది. ముందే చెప్పి ఉంటే ఆ పొర కోసం వెతికేదే కాదు.

[తెరపై: రాత్రి, లాంతరు వెలుగులో డేరాలు.]

అసలు పరీక్ష రాత్రి పూట వస్తుంది. పగలంతా ఎగిరిన పిల్లలే దీపాలు ఆరాక అమ్మ కావాలని ఏడుస్తారు. "ఇంత పెద్దయ్యాక ఏడుస్తావా" అనకూడదు. మంచినీళ్లు ఇచ్చి, పక్కన కూర్చుని, ఇంట్లో ఈ వేళకు ఏం చేస్తావని అడిగితే చాలామంది మాటల్లోనే కుదుటపడతారు.

ఇక్కడ ఒక నియమం మరువరాదు. ఏ పిల్లతోనూ, ఏ పిల్లవాడితోనూ మీరు ఒంటరిగా ఉండకూడదు, రాత్రి మరుగుదొడ్డికి సైతం ఇద్దరు పిల్లలను కలిపి తీసుకువెళ్లాలి. ఎవరో తనను బాధపెడుతున్నారని ఒక బిడ్డ మీతో చెప్పుకుంటే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. శ్రద్ధగా విని, శిబిరం బాధ్యులైన పెద్దలకు వెంటనే చెప్పండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. మీరు కూడా మైనర్లే కనుక ఆ బరువును ఒంటరిగా మోయవలసిన పని లేదు.

పాము కాటు జరిగితే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం ఏదీ చేయకూడదు. బిడ్డను కదలనివ్వకుండా ఉంచి, పెద్దలను పిలిచి, 108కి ఫోన్ చేయించి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే సరైన పని.

నా మొదటి శిబిరంలో నేను ఉత్సాహంగా వరుసకు ముందు నడిచాను. మలుపు తిరిగాక లెక్కపెడితే పదకొండు మందే ఉన్నారు, ఉండవలసింది పన్నెండు. బూటు లేసు తెగి వెనక కూర్చుండిపోయిన బాబు దొరికేసరికి నా చేతులు చల్లబడిపోయాయి. ఆ రోజు నుంచి దారి తెలిసిన పెద్దలను ముందు నడవనిచ్చి, నేను చివర నడుస్తున్నాను.

[తెరపై: దరఖాస్తు నింపుతున్న విద్యార్థులు.]

చేరాలనుకునే వారు ముందుగా తమ కళాశాలలో, పాత బడిలోని హరిత దళం (పర్యావరణ బృందం) ఉపాధ్యాయుల దగ్గర, స్కౌట్స్ అండ్ గైడ్స్ బృందాల్లో విచారించండి. తల్లిదండ్రుల అంగీకారం రాతపూర్వకంగా ఇవ్వండి. ముందస్తు శిక్షణ ఉందా, రాత్రి ఎంతమంది పెద్దలు ఉంటారు, ప్రథమ చికిత్స ఎవరికి తెలుసు అని నిర్వాహకులను నిలదీసి అడగండి. జవాబు తడబడితే ఆ శిబిరానికి వెళ్లకండి. ఇంటర్ పరీక్షలు చలికాలం చివరే మొదలవుతాయి కనుక దసరా సెలవులు అనువైనవి.

సంచిలో టార్చి, విజిల్, టోపీ, నీళ్ల సీసా పెట్టుకోండి. వాటితోపాటు ఒక జత బూటు లేసులు కూడా.