చెంబు అడుగున చుక్కల అక్షరాలు

అందరికీ నమస్కారం.

అహ్మదాబాద్‌లో చూసొచ్చిన వంటపాత్రల మ్యూజియం గురించి మాట్లాడమన్నారు. దానికంటే ముందు మా ఇంటి గంగాళం సంగతి చెప్పాలి. పెరట్లో పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ నీళ్లు కాగిన రాగి గంగాళం అది. నేను పదో తరగతి రాసిన వేసవిలో కాటా ఎక్కింది. వచ్చిన డబ్బుతో స్టీలు డబ్బాలు కొన్నాం. అమ్మని తప్పుపట్టను. చింతపండూ బూడిదా వేసి రోజూ దాన్ని తోమింది ఆవిడే కదా.

అహ్మదాబాద్‌లో మ్యూజియం పుట్టిందే ఇలాంటి అమ్మకాల వల్ల. దాని పేరు విచార్. సురేంద్ర పటేల్ గారు 1978లో విశాలా అని పల్లెటూరి పద్ధతిలో భోజనశాల పెట్టారు. తరతరాల ఇత్తడి, రాగి, కంచు సామాను కరిగించడానికి తూకానికి పోతుంటే ఆయనకు ప్రాణం ఒప్పలేదు. కొని దాచడం మొదలుపెట్టారు. 1981లో భోజనశాల పక్కనే మ్యూజియం తెరిచారు. ఇప్పుడక్కడ 4,500కు పైగా పాత్రలున్నాయి. ఒక్క అడకత్తెరలే ఎన్ని రకాలో! వక్క కత్తిరించే పనిముట్టు మీద ఇంత మనసు పెట్టారా అని చూస్తూ ఉండిపోయాను.

అదే ఊళ్లో జాతీయ డిజైన్ సంస్థ ఉంది. 1961లో మొదలైంది. దానికి దారి వేసింది చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక. మన దేశంలో తాము చూసి మెచ్చిన వస్తువుల్లో మొదటిదిగా వాళ్లు చెప్పింది లోటాని, అంటే మన చెంబుని. చంకన పెట్టుకుంటే ఎలా ఇముడుతుంది, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీ అయినప్పుడూ తూకం ఎలా నిలుస్తుంది, నీళ్లు ఎలా ఒలుకుతాయి అని ఎంత వివరంగా ఆలోచించారో. చివరికి పాతసామానుగా దాని విలువెంత అన్న ప్రశ్న కూడా వేశారు. మా గంగాళం విషయంలో మేము ఆ ఒక్క ప్రశ్నే వేసుకున్నాం.

మ్యూజియంలో ఒక పాత్ర దగ్గర ఆగిపోయాను. పొట్ట గుండ్రంగా ఉంది, మూతకి మరలున్నాయి. చిన్నప్పుడు మనింట్లో చూసిందే, పేరు మాత్రం నోటికి రాదు. పెద్దమ్మకి ఫోన్ చేశాను. "మరచెంబు కదే! రైలెక్కితే నీళ్లు అందులోనేగా తీసుకెళ్లేవాళ్లం" అంది. అక్కడితో ఆగలేదు, కళాయి దాకా వెళ్లింది.

ఈ పిల్లలకి కళాయి గురించి చెప్పాలి. రాగి, ఇత్తడి పాత్రల్లో పులుసో మజ్జిగో ఉంచితే చిలుమెక్కి విషమవుతుంది. అందుకే లోపల తగరం పూత పూయిస్తారు. మా వీధిలోకి వచ్చే ఆయన వేపచెట్టు కింద గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదేవాడు. గిన్నె బాగా కాలాక నవాసారం అనే ఉప్పు చల్లితే గుప్పున తెల్లటి పొగ. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, అందుకని గిన్నెకి అంటించగానే నీళ్లలా జారేది. దూదితో ఒక్క చుట్టు తిప్పితే నల్లటి గిన్నె లోపలంతా వెండిలా మెరిసిపోయేది. నీళ్లలో ముంచితే చుయ్‌మని చప్పుడు. మ్యూజియంలో గిన్నె ఉంటుంది. ఆ చప్పుడూ, ఆ పొగ ఘాటూ పెద్దమ్మ దగ్గరున్నాయి.

కొలతలూ అంతే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇవి ఆవిడకి నోటికొచ్చు. మా అమ్మాయికి గిద్ద అంటే కొలపాత్ర అనే తెలియదు.

పటేల్ గారిలా వేల పాత్రలు కొనడం మనవల్ల కాదు. ఇంటికెళ్లి అటక మీదున్నవి దింపండి. దేనిలో ఏం వండేవారో, అది ఎవరి పెళ్లికి వచ్చిందో పెద్దవాళ్లనడిగి రాసుకోండి, ఫోన్లో రికార్డు చేయండి. అమ్మక తప్పకపోతే అమ్మండి, అడగకుండా మాత్రం అమ్మొద్దు. వచ్చే నెల తలా ఒక పాత్ర తెచ్చి ఇదే గదిలో పెడదాం.

నా వంతు ఇప్పుడే తెచ్చాను. ఇది మా నాయనమ్మ కంచు చెంబు. వరుసగా అందుకుని చూడండి. అడుగున వేలితో తడిమితే ఉలితో కొట్టిన చుక్కలు తగులుతాయి. అది ఆవిడ పేరు. చదువు రాని మా నాయనమ్మ గుర్తుపట్టగలిగిన అక్షరాలు అవొక్కటే.