సత్తెనపల్లి మెంబరు: వావిలాల శాసనసభ జీవితం

అందరికీ నమస్కారం.

ఈరోజు సెప్టెంబరు 17, వావిలాల గోపాలకృష్ణయ్య గారి పుట్టినరోజు. ఈ సభ పెట్టినవాళ్ళు నన్ను పిలుస్తూ ఒక షరతు పెట్టారు. "మాస్టారూ, ఆయన ఖద్దరు గురించి, భుజాన సంచి గురించి అందరూ చెబుతారు. మీరు ఇంకేదైనా చెప్పండి" అన్నారు. నేను మాస్టారిని కాదు. రెవెన్యూలో గుమస్తాగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయినవాణ్ణి. తెల్లజుట్టు చూసి అలా అన్నట్టున్నారు.

గుమస్తాకి ఎమ్మెల్యేని చూసే చూపు వేరేగా ఉంటుంది. ఆయన సభలో ఎంత గట్టిగా మాట్లాడాడన్నది మాకు అనవసరం. ఆ మాట మా బల్ల దాకా వచ్చిందా, మా చేతిలో కలం దాని వల్ల కొంచెమైనా కదిలిందా, అదే చూస్తాం. నేను చెప్పబోయేది ఆ బల్ల దాకా వచ్చిన కథ.

ఆయన 1906లో సత్తెనపల్లిలో పుట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో దిగారు, జైళ్ళకు వెళ్ళారు, పెళ్ళి చేసుకోలేదు. 2003 ఏప్రిల్ 29న పోయారు. ఈ సంగతులన్నీ మీకు తెలిసినవే కాబట్టి దాటేస్తున్నాను. నాకు ఆశ్చర్యమనిపించేది ఇంకొకటి ఉంది. 1952, 1955, 1962, 1967... నాలుగుసార్లు గెలిచింది ఒక్క సత్తెనపల్లి నుంచే. మనిషి నియోజకవర్గం మారలేదు గానీ, ఆయన కింద రాజధానులు మారిపోయాయి. 1952లో గెలిస్తే మద్రాసు వెళ్ళి కూర్చోవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, సభ కర్నూలుకు పోయింది. 1956 నవంబరు 1 తర్వాత హైదరాబాదు. ఓట్లేసిన ఊరు ఒకటే, రైలు టిక్కెట్లు మాత్రం మూడు దిక్కులకు.

కర్నూలు రోజుల్లో ఒక ముచ్చట జరిగింది. 1954 నవంబరులో మద్యనిషేధం మీద గొడవ ముదిరి, అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సభలో ఒక్క మనిషి విలువెంతో ఆ తరం మెంబర్లకు వేరే పాఠం అక్కర్లేదు.

ఆయన ఇండిపెండెంటు. కమ్యూనిస్టుల మద్దతు మొదట్లో ఉంది, నిజమే. కానీ 1962లో, 1967లో ఇండిపెండెంటుగానే గెలిచారు. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది గానీ, ఆ రోజుల్లో అంత వింతేమీ కాదు. 1967లో ఆంధ్రప్రదేశ్ సభలో 287 సీట్లుంటే 68 మంది ఇండిపెండెంట్లు గెలిచారు. వాళ్ళంతా మహానుభావులని నేను అనడం లేదు. అందులో టికెట్టు రాక అలిగి నిలబడినవాళ్ళు, గెలిచాక సొంతగూటికి దారి వెతుక్కున్నవాళ్ళు బోలెడుమంది. ఇక 2024లో చూడండి, 175 సీట్లలో ఒక్క ఇండిపెండెంటూ లేడు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక, విప్పు, అంటే ఇలా ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం, జారీ అయితే పార్టీ మెంబరు చెయ్యి పార్టీ చెప్పిన వైపే లేవాలి. ఆ చట్టం ఎందుకు తెచ్చారో నాకు తెలుసు, ఎమ్మెల్యేలు సంతలో పశువుల్లా తయారయ్యారు కాబట్టి తెచ్చారు. కానీ దొంగను కట్టేయబోయి ఇంట్లోవాళ్ళందరినీ కట్టేశామేమో అని నాకో అనుమానం. ఇది నా సొంత అభిప్రాయం, సభ పెట్టినవాళ్ళకు సంబంధం లేదు.

ఇండిపెండెంటుకు సభలో కష్టం ఎక్కడొస్తుందంటే, మాట్లాడే టైము దగ్గర. పార్టీ బలాన్ని బట్టి టైము పంచుతారు. ఒంటరివాడి వంతు వచ్చేసరికి సగం బెంచీలు ఖాళీ, నోరు తెరవగానే గంట. మరి ఏం చేయాలి? పనిముట్లు తెలిసి ఉండాలి. పొద్దున్నే ప్రశ్నల గంటలో చుక్క గుర్తు ప్రశ్న వేస్తే, మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి. ఇంకోటి కోత తీర్మానం. కోట్ల రూపాయల పద్దులో వంద రూపాయలు తగ్గించాలని నోటీసిస్తారు. వంద తగ్గితే ఎవడికి లాభం? ఆ వంద పేరు చెప్పి మా చెరువు తూము గురించి నాలుగు ముక్కలు మాట్లాడటానికి. మంత్రి పదవి లేని మనిషి చేతిలో ఉండేవి ఇవే. పెళ్ళికి రావడం, సిఫారసు ఉత్తరం రాయడం ఎమ్మెల్యే పని అని మనం అలవాటు చేశాం గానీ, జీతమిచ్చేది ఈ పనికి.

సభ బయట చేసింది కూడా సభలో చేసినంతే ఉంది. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట, అదే ఇప్పటి నాగార్జునసాగర్, కావాలని తిరిగినవాళ్ళలో ఆయనొకరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలవలకు నీళ్ళు వదిలారు. మెట్టపంటలు, మిరప తప్ప ఎరగని మన పల్నాటి పొలాల్లోకి కుడి కాలవ నీళ్ళొచ్చాయి. నీళ్ళతో పాటు నీటి తీరువా, అంటే నీటి పన్ను, కూడా వచ్చింది. ఈ తీరువా సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

1966 మే నెలలో అధికార భాషా చట్టం వచ్చింది. తెలుగే రాష్ట్ర అధికార భాష అన్నారు. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారిది మన పక్కనే నరసరావుపేట. చట్టమైతే వచ్చింది గానీ, ఏయే పనులకు తెలుగు వాడాలో ప్రభుత్వం ఎప్పటికప్పుడు చెబుతూ పోవాలని అందులోనే ఉంది. అలా చెప్పాలని ఉన్నచోట ఏం జరుగుతుందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1974 మార్చిలో అధికార భాషా సంఘం వేసి, దానికి మొట్టమొదటి అధ్యక్షుడిగా వావిలాల గారిని కూర్చోబెట్టారు. అప్పటికి ఆయన సభలో మెంబరు కూడా కాదు, వయసు 67. ఆ సంఘానికి కొరడా లేదు. ఆఫీసులు చూడటం, ఫైళ్ళు అడగటం, తెలుగు ఎంతవరకు అమలవుతోందో ప్రభుత్వానికి చెప్పటం... అంతే.

నేను ఉద్యోగంలో చేరింది 1976లో. ఒక తాలూకా ఆఫీసు, ఊరి పేరు ఎందుకులెండి. ఉన్న ఒక్క టైపు మిషనూ ఇంగ్లీషుదే. తెలుగులో రాయమని సర్క్యులర్ వచ్చినప్పుడు మా హెడ్ గుమస్తాకి వచ్చిన టెన్షన్ నాకు ఇంకా గుర్తే. ఇరవై ఏళ్ళు "పుటప్ ఫర్ ఆర్డర్స్" అని రాసిన చెయ్యి. "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని రాసి, ఇంత పొడుగా అని కలం కింద పెట్టేశాడు.

ఆ ఏడాదే ఒక రైతు వచ్చాడు. కాలవ చివరి పొలం, నీళ్ళు అందలేదు, తీరువా మాత్రం పడింది. రద్దు చేయమని అర్జీ పెట్టుకుంటే ఇంగ్లీషులో మూడు లైన్ల జవాబు, ఆఫీసు మాటలో ఎండార్స్‌మెంట్ ఇచ్చారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. చదివినవాళ్ళంతా "కుదర్దన్నారు" అని చెప్పారు తప్ప ఎందుకు కుదర్దో చెప్పలేదట. సర్క్యులర్ తాజాగా ఉంది కాబట్టి, దాన్ని తెలుగులో రాసివ్వమని నా మీదకు తోశారు.

నేను రాసింది మొదట నాకే నచ్చలేదు. "దాఖలా పరిశీలించిన మీదట సదరు భూమికి జలాధారము లభ్యమైనట్లు విదితమగుచున్నందున" అని మొదలుపెట్టాను. రైతు విని, "బాబూ, ఇది కూడా ఇంగ్లీషేనా?" అన్నాడు. ఆఫీసు మొత్తం నవ్వింది. తెలుగు తెచ్చాం గానీ, దాన్నీ జనానికి అందకుండా పైన అటక మీద పెట్టాం మేము. వావిలాల గారి సంఘం ఊడ్చలేకపోయింది మాలాంటి వాళ్ళ చేతిరాతనే అనుకుంటాను. ఆ తప్పు చట్టంలో లేదు, మా బల్ల మీద ఉంది.

అడంగల్ అంటే ఏ పొలంలో ఏ పంట, ఏ నీళ్ళు అని ఊరి లెక్కలు చూసే కరణం రాసే పుస్తకం. మళ్ళీ రాశాను. "అడంగల్‌లో నీ పొలం కాలవ నీటితో తడిసినట్టు కరణం రాశాడు. అందువల్ల తీరువా కట్టాలి." హెడ్ గుమస్తా "నీ" కొట్టేసి "మీ" అని పెట్టాడు, "రాశాడు" కొట్టేసి "నమోదు చేసియున్నారు" అని పెట్టాడు, సంతకానికి పంపాడు.

రైతు కాగితం తీసుకుని వసారాలో నిలబడి, వేలు పెట్టుకుంటూ, పైకి చదువుకున్నాడు. రెండోసారి చదివాక లోపలికొచ్చాడు.

"తడిసిందని కరణం రాశాడా?"

"అవును."

"ఏ తేదీన?"

తేదీ చూడాలంటే అడంగల్ బయటికి తీయాలి. తీశాం.