టర్బో కారుకు పెట్రోలు సర్దడం: ల్యాప్‌టాప్ తెరవక ముందు

నమస్కారం. ల్యాప్‌టాప్ మూసే ఉంది, గమనించారా? వీడియో సగం అయ్యేదాకా దాన్ని ముట్టుకోను. "మీ మ్యాప్ పంపండి, మా బండిలో వేసుకుంటాం" అని వారానికి నలుగురైనా అడుగుతారు. మ్యాప్ అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరుకు, చెప్పే అంకెల పట్టిక. ఆ పట్టికలో అంకెలు మార్చితే పని అయిపోతుందని వాళ్ల నమ్మకం. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు దగ్గర పెట్రోలు ఒత్తిడి సరిగా లేకపోతే ఆ అంకెలకు అర్థమే లేదు.

ఇది 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్ ఉన్న పాత ఆక్టేవియా. స్టాండలోన్ ఈసీయూ (కంపెనీదాని బదులు విడిగా పెట్టేది), నిమిషానికి 440 సీసీ చిమ్మే ఇంజెక్టర్లు, పెద్ద పంపు, పెట్రోలు ఒత్తిడిని సర్దే విడి రెగ్యులేటర్ బిగించాం. పెట్రోలు మానిఫోల్డులోకి, అంటే సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టాల్లోకి, పడే రకం ఇది. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్ల లెక్క వేరు, వాటి జోలికి ఈ రోజు వెళ్లను.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. ఇదిగో రెగ్యులేటర్. పక్కన మీటరు. నెత్తిన ఈ సన్నటి గొట్టం మానిఫోల్డు నుంచి వస్తోంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉంది. గొట్టం ఊడదీసి, మానిఫోల్డు వైపు వేలితో మూశాను. మీటరు 3 బార్ చూపిస్తోంది. మళ్లీ తగిలించాను, 2.4కు దిగింది. మానిఫోల్డులో వ్యాక్యూమ్ ఉంది కదా, అందుకు. ఇప్పుడు ఇంజిన్ ఆపి, పంపు మాత్రం నడిపిస్తూ, రెగ్యులేటర్ గొట్టానికి చేతి పంపుతో 1 బార్ గాలి కొడుతున్నాను. ముల్లు చూడండి, 4 దగ్గర ఆగింది. బూస్టు, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడి అంతే పెరగాలి. అప్పుడే ఇంజెక్టరుకు ఇటూ అటూ తేడా ఎప్పుడూ 3 బార్ ఉంటుంది.

ఈ గొట్టం ధర ఎంతో చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంటుంది. కానీ నా సొంత కారులో ఒక పిస్టన్ దీనివల్లే పోయింది. రబ్బరు పాతబడి, క్లిప్పు కింద వెంట్రుకంత చీలిక. ఐడిల్ బాగానే ఉండేది. బూస్టులో గాలి ఆ చీలిక నుంచి పోయి, రెగ్యులేటర్‌కు సంగతే తెలియలేదు. లెక్క వేయండి: ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలో (దాన్ని రైలు అంటాం) 3 బార్, ఎదురుగా మానిఫోల్డులో 1 బార్. మిగిలింది 2. పెట్రోలు ప్రవాహం ఒత్తిడి తేడా వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 18 శాతం తగ్గిపోయింది. లాంబ్డా అంటే పెట్రోలు పూర్తిగా కాలడానికి కావాల్సిన గాలితో పోలిస్తే ఉన్న గాలి ఎంతో చెప్పే అంకె; 1 అంటే సరిగ్గా సరిపోయింది, తగ్గితే పెట్రోలు ఎక్కువ. 0.80 ఉండాల్సిన లాంబ్డా 0.98కి వచ్చింది. పూర్తి బూస్టులో మిశ్రమం అంత పలచబడితే నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలినట్టు మండటం) మొదలవుతుంది. నేను శబ్దం విని యాక్సిలరేటర్ వదిలేసరికి ఆలస్యమైపోయింది. విప్పి చూస్తే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగి ఉంది. ఇంతా చేసి, ఆ రోజు పట్టికలో ఒక్క అంకె కూడా తప్పు లేదు.

సరే, పంపు. డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని రాసి ఉంటుంది. ఆ మాట ఒక ఒత్తిడికి, ఒక వోల్టేజికి మాత్రమే వర్తిస్తుంది. ఒత్తిడి పెరిగినా, వోల్టేజి తగ్గినా పంపు ఇచ్చేది తగ్గుతుంది. అందుకే మల్టీమీటరు బ్యాటరీ దగ్గర కాకుండా పంపు కనెక్టర్ దగ్గర పెట్టి చూడండి. అక్కడ బాగా పడిపోతుంటే, మందమైన వైరుతో, వేరే రిలేతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి.

ఇంజెక్టర్ల విషయం రెండు మాటలు. 6000 ఆర్‌పీఎంలో ఒక పూర్తి చక్రానికి, అంటే ఇంజిన్ రెండు చుట్లకు, 20 మిల్లీసెకన్లు. ఇంజెక్టరు అందులో 16 తెరిచి ఉంటే 80 శాతం. నేను అక్కడే ఆగుతాను. నాలుగు 440 సీసీ ఇంజెక్టర్లతో ఆ లెక్కన 230 హార్స్‌పవర్ దాకా పోవచ్చు. అంతకు మించి కావాలంటే పెద్దవి కొనాల్సిందే. రెండో మాట డెడ్ టైమ్. కరెంటు ఇచ్చినా ఇంజెక్టరు తెరుచుకోవడానికి పట్టే సమయం, సుమారు 1 మిల్లీసెకను. వోల్టేజి తగ్గితే అది పెరుగుతుంది. రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే మీ ఐడిల్ వణుకుతోందంటే మొదట ఈసీయూలోని డెడ్ టైమ్ పట్టికనే అనుమానించండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరుద్దాం. మొదట క్లోజ్డ్ లూప్ సవరణ (సెన్సర్ చూసి ఈసీయూ తానే పెట్రోలు సర్దుకోవడం) ఆపేశాను, లేకపోతే నా తప్పును ఈసీయూ కప్పేస్తూ ఉంటుంది. లక్ష్యం: ఐడిల్‌లో, మామూలు నడకలో లాంబ్డా 1, పూర్తి బూస్టులో 0.80. మిశ్రమం మీటరులో 14.7, 11.8 అనే గాలి-పెట్రోలు నిష్పత్తి అంకెలు చూడటం అలవాటైనవాళ్లు లాంబ్డాకు మారండి. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి సరైన నిష్పత్తి సుమారు 13.5. మీటరు మాత్రం లాంబ్డా కొలిచి, అలవాటుగా 14.7తో హెచ్చించి చూపిస్తుంది. శుద్ధ పెట్రోలు మీద చేసిన మ్యాప్ ఈ20లో 7, 8 శాతం పలచబడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన మ్యాప్ ఎందుకు వద్దంటానో అర్థమైంది కదా.

డైనో (కారును కదలనీయకుండా చక్రాలు తిప్పి శక్తి కొలిచే యంత్రం) మీద నాలుగో గేరు, వేస్ట్‌గేట్ (బూస్టును అదుపు చేసే వాల్వు) స్ప్రింగ్ ఇచ్చే తక్కువ బూస్టు. ఔటర్ రింగ్ రోడ్డు డైనో కాదు, దయచేసి అక్కడ చేయకండి. 4000 ఆర్‌పీఎం దగ్గర పెట్రోలు పట్టికలో ఈ గడిలో 78 ఉంది. కావాల్సిన లాంబ్డా 0.80, కొలిచింది 0.86. 78ని 0.86తో హెచ్చించి 0.80తో భాగిస్తే 84. రాశాను. చుట్టుపక్కల గడులను కూడా కొంచెం సర్దాను, గోడలా నిలువుగా లేవకూడదు.

ఒక చోట మోసపోతారు. మిస్‌ఫైర్ అయితే కాలని ఆక్సిజన్ సెన్సర్‌కు చేరి మిశ్రమం పలచగా ఉన్నట్టు చూపిస్తుంది. అది నమ్మి పెట్రోలు పెంచితే మిస్‌ఫైర్ ఇంకా ఎక్కువవుతుంది. అంకె ఎగిరెగిరి పడుతుంటే ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూడండి.

తర్వాత బూస్టు 0.1 బార్ చొప్పున పెంచుతూ పోతాను. ప్రతిసారీ లాగ్‌లో లాంబ్డా కంటే ముందు రైలు ఒత్తిడి గీత చూస్తాను. ఇదిగో, 0.9 బార్ బూస్టుకు 3.9. బాగుంది. 1.1 దగ్గర 4.1 ఉండాలి, 5800 దాటాక 3.8కి వాలింది. పంపు శక్తి అంతే. ఈ బండికి ఈ రోజు 1 బార్ దగ్గరే ఆపేస్తున్నాను.